మంచమెక్కిన మోటారు

పోయినేడు దాకా మా నల్లబండపల్లిలో సూర్యుడు ఎవరి అనుమతీ లేకుండా పొడిచేవాడు, ఎవరికీ లెక్క చెప్పకుండా గుంకేవాడు. పగలంతా ఏం వెలగబెట్టావని అడిగిన నాథుడు లేడు. అంత అరాచకంగా బతికామని సౌరశక్తి సద్వినియోగ సంస్థ వాళ్లు వచ్చి చెప్పేదాకా మాకు తెలియనే తెలియదు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. సోలారు మోటారు మీద నాకు పగ లేదు. రాత్రి కరెంటుతో మడి పారగట్టినవాడెవడికీ ఉండదు. మా ఊళ్లో కరెంటు దొంగమాదిరి అర్ధరాత్రి వచ్చి కోడి కూసేలోపు పోయేది. దానికోసం టార్చిలైటు పట్టుకుని పోయే వన్నూరప్పను ఒక రాత్రి రక్తపింజర కరిచింది. ప్రాణం దక్కింది గానీ ఎడమకాలి వేళ్లు రెండు పోయాయి. అందుకే పగలే పారే మోటారు ఇస్తామని సంస్థ వాళ్లు చాటించగానే, ఊళ్లో అందరికంటే ముందు పరుగెత్తింది వన్నూరప్ప పెళ్లాం తిప్పక్క.

"పగలు నీళ్లు పారితే చాలు. నా మొగుని మిగిలిన వేళ్లన్నా మిగుల్తాయి," అంది.

వన్నూరప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కాలు ముందుకు చాపి, ఉన్న వేళ్లు ఆడించి చూపించాడు.

వాళ్లది చీనీ తోట. బత్తాయిని మా వైపు చీనీ అంటాం. కన్నబిడ్డల మాదిరి పెంచిన చెట్లు. ఐదేళ్లు నీళ్లు పోసి, ఎరువు వేసి, పైసా రాకుండా సాకారు. ఆ ఏడే తొలి కాపు. ఆ కాపు వస్తే బతికినట్టు, లేకపోతే బెంగళూరు పోయి ఇటుకలు మోయాలి. ఊళ్లో చాలామంది సంగతి అంతే. తిప్పక్క మాత్రం పోనని మొండికేసిన మనిషి.

బోరులోకి మోటారు దిగింది. చేనిగట్టు మీద నల్లటి పలకలు నిలబడ్డాయి. వాటి పక్కనే ఒక పెట్టె, పెట్టె మీద ఒక దీపం. మోటారు తిరుగుతుంటే పచ్చగా వెలుగుతుంది, ఆగితే ఎర్రగా. ఆ దీపమే జిల్లా ఆఫీసులో గోడంత తెర మీద కూడా వెలుగుతుందని చెప్పారు. మాకేం, వెలగనీ అనుకున్నాం.

ప్రారంభోత్సవానికి సంస్థ డిప్యూటీ డైరెక్టరు విశ్వంభరరావు గారు వచ్చారు. చలువ కళ్లద్దాలు తీయకుండానే సూర్యుణ్ని పొగిడారు.

"రైతు సోదర సోదరీమణులారా! సూర్యరశ్మి జాతి సంపద. ప్రభుత్వం ఇన్ని పలకలు పరిచింది ఎందుకు? ఒక్క కిరణం కూడా నిష్ప్రయోజనం కాకూడదని! ఎండ ఉండగా మోటారు ఆగిందంటే, అది సౌర వనరుల దుర్వినియోగం కిందికి వస్తుంది. దుర్వినియోగాన్ని సంస్థ ఏ మాత్రం ఉపేక్షించదు."

మేమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. షామియానా నీడలో కూర్చోబెట్టి మజ్జిగ పోస్తే ఎవడైనా కొడతాడు.

కిరణాలు వృథా కాకుండా చూడటానికి ఊరికొక కిరణ రక్షకుణ్ని వేశారు. మా ఊరికి ఎర్రిస్వామి దొరికాడు. అంతకుముందు వాడు ఊరి చివర సోడాలు అమ్మేవాడు. వాడికి పసుప్పచ్చ టోపీ, మెడలో ఈల ఇచ్చారు. టోపీ పెట్టిన రోజు నుంచి వాడు మమ్మల్ని పేర్లతో పిలవడం మానేశాడు. "లబ్ధిదారులూ!" అనేవాడు.

కార్తీకం వెళ్లింది. చీనీ రైతులు ఈ రోజుల్లో ఏం చేస్తారో అనంతపురం వైపు ఏ పసివాణ్ని అడిగినా చెబుతాడు. చెట్లను వాడబెడతారు. అంటే నీళ్లు ఆపేస్తారు. ఆకు ముడుచుకుని, చెట్టు చస్తానా బతుకుతానా అని కంగారుపడేదాకా ఎండగడతారు. ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్లు వదిలితే చెట్టు ఒళ్లంతా పూస్తుంది. వాడబెట్టకపోతే ఆకులే, పూత రాదు. పూత రాకపోతే కాపు లేదు. మా తాతల నాటి నుంచి ఇదే పద్ధతి.

తిప్పక్క మోటారు ఆపింది. దీపం ఎర్రబడింది. గంట తిరగక ముందే ఈల వినపడింది.

"లబ్ధిదారు తిప్పక్కా! దీపం ఎర్రగుండాది!"

"ఉండనీ బావా. చెట్లు వాడబెడతాండాం."

"అట్ల కాదు. ఎండ పోతాంది."

"యాడికి పోతాంది?"

ఎర్రిస్వామి ఆకాశం వైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు శిక్షణలో చెప్పలేదు. "వృథాగా పోతాంది," అన్నాడు చివరకు. "ఇదో చూడు, నీ చేన్లో పడిన ఎండంతా నేలపాలు అయితాంది."

"నేల మీద పడక నీ నెత్తిన పడాల్నా ఎండ? నువ్వు సోడాలమ్మేటప్పుడు ఎండ కొట్టినన్ని దినాలూ సంతోషమే. ఇప్పుడేమొచ్చింది నీకు?"

"బావ అనొద్దు నన్ను. డ్యూటీలో ఉండా," అన్నాడు ఎర్రిస్వామి.

మర్నాడు నోటీసు వచ్చింది. వన్నూరప్ప దాన్ని నా చేతికిచ్చి చదవమన్నాడు. 'నిర్మలాకాశ పరిస్థితులలో, సహేతుక కారణం లేకుండా, సౌర పంపును నిష్క్రియ స్థితిలో ఉంచి కిరణ నష్టానికి పాల్పడినందున, మీ పంపును ఎందుకు వెనక్కు తీసుకోరాదో స్వయంగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను.' ఊళ్లో చీనీ చెట్లున్న ప్రతి ఇంటికీ అదే వచ్చింది. పంపు వెనక్కు పోతే పాత కరెంటు కూడా లేదు. సోలారు ఇచ్చిన రోజే ఆ తీగలు కోసుకుని పోయారు. పంపు లేకపోతే తోట లేదు. అందుకని అందరం బస్సెక్కాం.

విశ్వంభరరావు గారి గదిలో ఏసీ గుర్రుమంటోంది. కిటికీలకు మందపాటి తెరలు వేసి, ఎండ పొడ కూడా లోపలికి రాకుండా కట్టుదిట్టం చేసుకున్నారు. పట్టపగలు ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. గోడ మీద తెర, తెర నిండా చుక్కలు. పచ్చటి జిల్లా మధ్యన మా ఊరు చిడుము లేచినట్టు ఎర్రగా ఉంది.

తిప్పక్క చెప్పింది. చెట్టు, వాడబెట్టడం, పూత, కాపు, అన్నీ చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"చూడమ్మా, చెట్టుకూ నీటికీ గల సంబంధం ఉద్యానశాఖ పరిధిలోది. ఎండకూ మోటారుకూ గల సంబంధం మా పరిధిలోది. పూత గురించి మేము వ్యాఖ్యానించలేము."

"మీరు వ్యాఖ్యానం చేయొద్దు సార్. నలభై దినాలు మోటారు ఆపుకోనీండి, చాలు."

"మోటారు ఆగరాదు."

"మోటారు తిరిగితే నీళ్లు వస్తాయి గదా సార్? నీళ్లు వస్తే చెట్లు తాగుతాయి గదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతటి మేధస్సు పనిచేయడం అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు.

"నీళ్లు చెట్లకే పెట్టమని నిబంధనల్లో ఎక్కడుంది? మోటారు నడపండి. నీళ్లు ఎక్కడికైనా పోనీయండి. నీటి వృథా మా పరిశీలనాంశం కాదు. కిరణం వృథా కాకూడదు, అంతే."

తిప్పక్క నా వైపు చూసింది. నేను వన్నూరప్ప వైపు చూశాను. ఏడువందల అడుగుల లోతు నుంచి, మా నాయనల కాలంలో ఇంకిన నీళ్లను తోడి దారిన పోయమని చెప్పింది రైతులు కాదు, ఆఫీసరు. ఆ మాట రాసివ్వమన్నాను. "సంతోషంగా," అని రాసిచ్చారు.

అలా మా ఊళ్లో నీళ్ల పండగ మొదలైంది. పొద్దు పొడవగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. తోటల్లో చుక్క పడకుండా పైపులు బయటికి తిప్పాం. కొందరు వాగువంకలోకి, కొందరు రాళ్లగుట్ట మీదికి, చోటు లేనివాళ్లు బాట మీదికి. ఎన్నో ఏళ్లుగా ట్యాంకరు చూస్తే బిందెలతో కొట్టుకునే ఊళ్లో బాటలు బురదయ్యాయి. కప్పలు అరిచాయి. ఎద్దులకు కాళ్లు చెడ్డాయి. ఆర్టీసీ బస్సు కూరుకుపోతే పొరుగూరి ట్రాక్టరు తెచ్చి లాగాం. మా గంగులప్ప తాత బాట మీద పారే నీళ్లలో ముఖం కడుక్కుని, "ఇంత వాన యాడ పడిందిరా?" అని అడిగి, విషయం చెబితే నవ్వలేదు. ముఖం తుడుచుకోకుండానే ఇంట్లోకి పోయాడు.

ఎర్రిస్వామి మాత్రం రోజూ ఈల వేసుకుంటూ తిరిగి మెచ్చుకునేవాడు. ఆ నెల కిరణ వినియోగంలో మా ఊరు జిల్లాలో మొదటి స్థానం. పంచాయతీ ఆఫీసుకు బోర్డు కూడా కట్టారు.

చెట్లు మాత్రం తమ పని తాము చేశాయి. వాడాయి. సంక్రాంతి దాటాక తిప్పక్క పైపును తోటలోకి తిప్పింది. పదిహేను రోజుల్లో తోట తెల్లబడింది. ఆ వాసనకు రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు ఆపేవారు. తిప్పక్క చెట్టు చెట్టు దగ్గరికీ పోయి కొమ్మలు ఎత్తి చూసుకునేది. వన్నూరప్ప అయితే కాలు ఈడ్చుకుంటూ రోజంతా తోటలోనే. పూత రాలి పిందె దిగింది. శనగగింజంత పిందెలు, కొమ్మకొమ్మకూ.

అప్పుడు బోరు దగ్గింది. రెండు రోజులు ఎర్రనీళ్లు కక్కింది. మూడోరోజు గాలి వదిలింది. దాని వెనకే ఊళ్లో బోర్లన్నీ ఒకటొకటిగా గాలి వదిలాయి.

తిప్పక్క మోటారు ఆపింది. దీపం ఎర్రబడింది. ఈల వినపడింది.

"లబ్ధిదారు తిప్పక్కా!"

"నీళ్లు ల్యావు ఎర్రిస్వామీ."

"ఎండ ఉండాది గదా?"

నేను అక్కడే ఉన్నాను. వాడి పసుప్పచ్చ టోపీ పీకి వంకలో వేయబోతే వన్నూరప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

సంస్థ ఇంజినీరు జీపులో దిగాడు. బోరు వైపు చూడలేదు. పెట్టె తెరిచాడు. నీళ్లు లేనప్పుడు మోటారును దానంతట అదే ఆపేసే చిన్న పరికరం ఒకటి లోపల ఉంది. "సమస్య ఇదే," అని దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. మోటారు గాల్లో గిర్రున తిరిగింది. దీపం పచ్చబడింది. ఇంజినీరు సంతోషంగా చేతులు దులుపుకున్నాడు.

"చూశారా? నీళ్ల బరువు లేదు కదా, మునుపటికంటే చురుగ్గా ఉంది."

నీళ్లలో ఉంటేనే చల్లగా ఉండే మోటారు అది. గాల్లో తిరిగితే ఏమవుతుంది? సాయంత్రానికి కాలిపోయింది. నీళ్లు కావాలని అడిగితే ఆరు నెలలకు కూడా పలకని సంస్థ, దీపం ఎర్రబడిందని తెల్లారేసరికి కొత్త మోటారు పంపింది. దాన్ని బోరులో దించబోతుంటే విశ్వంభరరావు గారే ఫోన్లో ఆదేశించారు. "నీళ్లు లేని బోరులో దించి లాభమేంటయ్యా? మళ్లీ కాలుతుంది. బయటే పెట్టి నడపండి. చల్లగా ఉండేలా చూసుకునే బాధ్యత లబ్ధిదారుదే."

అలా మోటారు మంచమెక్కింది. తిప్పక్క ఇంటి నులకమంచాన్ని వేపచెట్టు కింద వేసి, దాని మీద మోటారును పడుకోబెట్టి, తడి గోనెపట్ట కప్పారు. ఎండ ఉన్నంతసేపూ గోనె ఆరకుండా నీళ్లు చల్లాలి. ఊరికి తాగటానికి వచ్చే ట్యాంకరు దగ్గర తిప్పక్క కొట్లాడి తెచ్చుకున్న బిందెల్లో ఒకటి మోటారుకు పోయేది.

ఎర్రిస్వామి పక్కనే కూర్చుని కాపలా కాసేవాడు. ఒకరోజు వాడే చిన్నగా అన్నాడు, "తిప్పక్కా, దీనికి ఒళ్లు కాల్తాండాది. ఇంగో చెంబు పోయి."

"నీళ్లు తోడి పోయమని తెచ్చుకుంటి దీన్ని," అంది తిప్పక్క. "ఇప్పుడు నేను దీనికి తోడి పోస్తాండా. వచ్చేవాళ్లు పోయేవాళ్లు ఎవురికి జ్వరమని అడుగుతాండారు. ఏం చెప్పాల?"

మంచానికి అవతల చెట్లకు పిందె రాలుతోంది. రోజూ పొద్దున రాలిన పిందెలను తిప్పక్క కొంగులో ఏరి గట్టున పోసేది. ఎందుకో ఆమెకే తెలియదు. నేలమీద చూడలేక, అంతే.

ఒక్క గంట కూడా విశ్రాంతి తీసుకోని మోటారుగా తిప్పక్క మోటారు రాష్ట్రంలోనే మొదటి బహుమతి కొట్టింది. బహుమతి ఇవ్వడానికి రాజధాని నుంచి పెద్దసారు వస్తున్నారు. తోటలోనే సభ. షామియానా, సోఫాలు, జిల్లా దీపాలన్నీ కనపడే పెద్ద తెర. అన్నీ సిద్ధమయ్యాక ఫొటోలు తీసే ఆయన ఒక తిక్క ప్రశ్న వేశాడు.

"సార్, నీళ్లేవీ?"

విశ్వంభరరావు గారికి కోపం వచ్చింది. "కార్యక్రమంలో నీళ్ల అంశం లేదు." అయినా పెద్దసారు ఫొటో కదా. ట్యాంకరు తెప్పించారు. ఒక పెద్ద డ్రమ్ములో నీళ్లు పోసి, మోటారును మంచం మీది నుంచి లేపి అందులో దించారు. మోటారు తోడిన నీళ్లు పైపులోంచి మళ్లీ అదే డ్రమ్ములో పడేలా వంచి కట్టారు. "చుక్క నష్టం లేదు," అన్నారు విశ్వంభరరావు గారు. "ఇంతకు మించిన జల సంరక్షణ ఏముంది?"

"సార్, ఆ ట్యాంకరు నీళ్లు నా చెట్లకు పోయండి," అంది తిప్పక్క. "ఇంగా పిందె కొంచెం ఉండాది. ఒక్క తడి, సార్. మీ కాళ్లు మొక్కుతా."

"అమ్మా, ఈ ట్యాంకరు ప్రదర్శన పద్దు కింద మంజూరైంది. చెట్లకు పోస్తే నిధుల మళ్లింపు అవుతుంది. నేను జైలుకు పోవాలి."

పెద్దసారు వచ్చారు. పైపు నుంచి నీళ్లు ఎగిసి డ్రమ్ములో పడుతున్నాయి. ఫొటో అయిపోయింది. తిప్పక్కకు శాలువా కప్పారు. ఉపన్యాసం మొదలైంది. "ఈ పచ్చని చుక్కను చూడండి! ఇది తిప్పమ్మగారి చుక్క!" అని పెద్దసారు తెర వైపు చెయ్యి చాపారు. సభంతా తెర వైపు తిరిగింది.

తిప్పక్క శాలువా తీసి సోఫా మీద పెట్టింది. నడుముకు కొంగు చుట్టింది. పోయి పైపు కట్టు విప్పి, నోరు తోటలోకి తిప్పింది. నీళ్లు మొదటి సాలులో వరసగా ఉన్న చెట్ల పాదుల్లోకి దూకాయి. డ్రమ్ము తగ్గుతోంది. అటు చూస్తే వన్నూరప్ప ట్యాంకరు వెనక చేరి, డ్రమ్ములోకి నీళ్లు పడే కవాటం పూర్తిగా తిప్పేశాడు.

విశ్వంభరరావు గారు చూశారు. నోరు తెరిచారు. తెర వైపు చూశారు. దీపం పచ్చగా ఉంది. దీపం పచ్చగా ఉండగా జరిగే ఏ నేరానికీ ఆయన దగ్గర నిబంధన లేదు. నోరు మూసుకుని చప్పట్లు కొట్టారు. పెద్దసారు ఉపన్యాసం దేవుడి దయవల్ల పొడుగ్గా సాగింది. ట్యాంకరు మొత్తం ఖాళీ అయ్యింది. ఒక సాలు చెట్లు కడుపునిండా తాగాయి.

ఒక సాలే. మిగతా తోట ఉగాది నాటికి పొయ్యిలోకి పనికొచ్చేలా ఎండింది. ఆ ఒక్క సాలును మొగుడూ పెళ్లామూ వానలు వచ్చేదాకా బిందెలతో నీళ్లు మోసి బతికించుకున్నారు.

తోట ఎండిన వారంలోనే సంస్థ నుంచి ఇంకో కాగితం వచ్చింది. బహుమతి పొందిన మోటారును ఇరవై ఐదేళ్లు ఇదే స్థాయిలో కాపాడవలెనని.

"ఇరవై ఐదేండ్లా?" అంది తిప్పక్క. "మంచాన పండబెట్టి తడిగుడ్డలేసి సేవ చేసేదానికి ఇదేమన్నా మా అత్తా? మా అత్తకే అన్నేండ్లు చేయల్యా."

ఆ మాటతో ఊరు లేచింది. పెట్టెతో సహా మోటారును పీకి మంచం మీద కట్టి, నలుగురం భుజానికెత్తుకుని జిల్లా ఆఫీసుకు బయలుదేరాం. ముందు తప్పెటలు. ఎండిన చీనీ కొమ్మలు పట్టుకుని ఆడవాళ్లు. ఎర్రిస్వామి ఈల వేసుకుంటూ వెంటపడ్డాడు. "దీపం ఆరిపోయింది! లబ్ధిదారులూ, దీపం ఆరిపోయింది!" బస్టాండు దగ్గర నాలుగో మనిషికి భుజం నొప్పి పుట్టింది. ఎర్రిస్వామి అటూ ఇటూ చూసి, ఈల జేబులో వేసుకుని, మంచంకోడు కింద భుజం పెట్టాడు.

"డ్యూటీలో ల్యావా బావా?" అంది తిప్పక్క.

"డ్యూటీయే. మోటారు యాడుంటే నేను ఆడ ఉండాల గదా," అన్నాడు వాడు.

ఆఫీసు వరండాలో మంచం దించాం. లోపల ఫోను మోగుతోంది. రాష్ట్రంలో మొదటి మోటారు ఎర్రబడిందని రాజధాని నుంచి. విశ్వంభరరావు గారు చెమటలు కక్కుతూ బయటికొచ్చారు. మేము నినాదాలు మొదలుపెట్టాం. మా కరెంటు మాకు కావాలి, పగలు కావాలి, తోటలకు పరిహారం కావాలి. ఆయనకు ఒక్కటీ వినపడలేదు. "ముందు దీన్ని నడపండయ్యా!" అని అరిచారు. ఆఫీసు మిద్దె మీద సోలారు పలకలున్నాయి. తీగ దించి కలిపారు. వరండాలో మంచం మీద మోటారు గిర్రుమంది. లోపల చుక్క పచ్చబడింది. ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. ఇన్ని నెలల్లో ఆయన మొహంలో అంత ప్రశాంతత చూసింది అప్పుడే.

అది ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది. మా ఊరు ఇప్పటికీ మొదటి స్థానంలోనే ఉంది. మా అర్జీలు పరిశీలనలో ఉన్నాయి.

మొన్న దసరా ముందు కరెంటు సంగతి కనుక్కుందామని తిప్పక్కా నేనూ ఆఫీసుకు పోయాం. ఎండకు నాలుక పిడచగట్టుకుపోయింది. వరండాలో మంచం పక్కన మూతపెట్టిన కుండ ఉంది. తిప్పక్క చెంబు ముంచబోతే, మోటారు మీద గోనెపట్ట తడుపుతున్న ముసలి అటెండరు లేచి అడ్డం వచ్చాడు.

"ఆ నీళ్లు మోటారువమ్మా. మనుషులు తాగకూడదు."

తిప్పక్క అతని వైపు చూసింది. అతని పెదాలూ పగిలి ఉన్నాయి. చంకలోని సంచిలోంచి రెండు చీనీకాయలు తీసి అతని చేతిలో పెట్టింది.

"తిను పెద్దాయనా. మా తోటవి. ఒక్క సాలు మిగిలింది," అంది. "మీ సారుకు మాత్రం చెప్పొద్దు. ఇంగా బతికుండాయని తెలిస్తే మళ్లా వస్తాడు."